నాలుగో సిస్టమ్

సత్తుపల్లి,
22 నవంబర్ 2024, శుక్రవారం.

చిరంజీవి సరళకు,

శోభారాణి మేడం దీవించి రాయునది. భద్రాద్రి రామయ్య దయవల్ల ఇక్కడ మేమందరం కులాసా. నువ్వు ఆ రామయ్య ఊళ్ళోనే కాపురం ఉన్నావు కాబట్టి నీ కులాసా గురించి విడిగా అడగక్కర్లేదు. దీవెన చేతి అలవాటు కొద్దీ పడింది. అది చూసి మేడం కోపం తగ్గిందని సంబరపడకు.

ఈ కాలంలో ఉత్తరమేంటని నవ్వుకుంటావు. ఫోన్ చేస్తే “తిన్నరా మేడం” అనే నీ మొదటి మాటకే నా కోపం సగం చల్లారిపోతుంది, మిగతా సగంతో ఏం పోట్లాడను? వాట్సాప్‌లో రాద్దామంటే మా కళ్యాణి నా ఫోన్‌ను సెంటర్‌లోని కంప్యూటర్‌కు కలిపి పెట్టింది. నేను రాసేవన్నీ పెద్ద తెర మీద కనబడతాయి. అందుకే కాగితం, పెన్ను. ఇది నీ షాపు అడ్రస్‌కే వస్తుంది. నా కూతురి చేతిలో పడకుండా తీసుకోవడం నీ పని.

మొన్న ఆదివారం నువ్వు ఫోన్‌లో అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు. “మేడం, బ్రిడ్జి దగ్గర పెద్ద షాపు దొరికింది. కళ్యాణిని నా దగ్గరనే ఉండనియ్యుండ్రి. బోర్డు మీద ఇద్దరి పేర్లు రాయిస్త. మీరు అవ్ అంటేనే ఉంటదట” అన్నావు. పాలు పొంగుతున్నాయని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ పూట మా ఇంట్లో పాలే లేవు.

అడగడానికి నీకు నోరెలా వచ్చిందా అని అప్పట్నుంచీ అనుకుంటున్నాను. నాకున్నది ఒక్కగానొక్క కూతురు. అది పుట్టక ముందు నుంచీ ఈ సెంటర్ నడుపుతున్నాను. గని కార్మికుల పిల్లలూ, వాళ్ళ ఆడవాళ్ళూ ఎంతమంది నా దగ్గర కంప్యూటర్ నేర్చుకున్నారో. నా తర్వాత దీన్ని కళ్యాణి చూసుకుంటుందని గోడకు సున్నం వేయించినప్పుడల్లా అనుకునేదాన్ని.

నువ్వు మొదటిసారి ఇక్కడికి వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. తల్లాడ దాటాక ఉన్న మీ తండా నుంచి మీ అమ్మ రూప్లి నిన్ను వెంటబెట్టుకుని వచ్చింది. పదో తరగతి పాసయ్యావు, కంప్యూటర్ వస్తే పిల్లకు నీడపట్టున కూర్చునే పని దొరుకుతుందని ఆమె ఆశ. చెప్పులు గుమ్మం బయట విడవమన్నాను. వచ్చి నాలుగో సిస్టమ్ ముందు కూర్చున్నావు. నేను గోడ మీది చార్టు చూపిస్తూ కీబోర్డూ మౌసూ ఇన్‌పుట్ పరికరాలు, మానిటరూ ప్రింటరూ అవుట్‌పుట్ పరికరాలు అని చెబుతున్నాను. నువ్వు చార్టు చూడలేదు. బల్ల కింద ఉన్న సీపీయూ డబ్బాను చూస్తూ, ఇటు నుంచి లోపలికి పోయింది అటు నుంచి బయటికొచ్చే లోపల మధ్యలో ఏం జరుగుతుందని అడిగావు. లోపల ప్రాసెసర్, మెమరీ, స్టోరేజ్ ఉంటాయన్నాను. మూత తీసి చూపించమన్నావు. తీస్తే గ్యారంటీ పోతుందని కసిరాను. రిపేరుకు ఖమ్మం నుంచి వచ్చే మెకానిక్ నాకు చెప్పిన మాటే నీకు చెప్పాను.

ఏకులా వచ్చి మేకయ్యావు. ఇప్పుడు నీ షాపులో ఏ డబ్బాకూ మూత ఉండదట. అందరూ చెప్పులతోనే లోపలికి వస్తారట. దుమ్ముగూడెం, చర్ల వైపు బడుల్లో కంప్యూటర్ పాడైతే నీ స్కూటీ ఆ అడవి దారిన పోవాల్సిందేనట. ఈ “అట”లన్నీ నాకు ఎవరు మోసుకొచ్చారో నీకు వేరే చెప్పాలా?

ఖమ్మంలో పాలిటెక్నిక్ పూర్తి చేసిన పిల్ల, కొన్నాళ్ళు నీ దగ్గర పని చూసి వస్తానంటే సరేనన్నాను. ఎండాకాలంలో పోయింది. పోయేటప్పుడు నా కూతురు, మొదటిసారి సెలవుకు ఇంటికి వచ్చేసరికి నీ చెల్లెలు. టీలో చక్కెర మానేసింది, సరళక్క వేసుకోదట. జుట్టు నడినెత్తిన ముడి వేస్తోంది, సరళక్క అలాగే వేస్తుందట. హ్యాండ్‌బ్యాగ్‌లో పౌడర్ డబ్బా ఉండే చోట స్క్రూడ్రైవర్ పెట్టుకుంది. నేను పొద్దున్నే లేచి చేపల పులుసు పెడితే, అది తింటూ మీ అమ్మ కాల్చే జొన్న రొట్టె గురించి చెబుతుంది. పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా?

నాకు అసూయగా ఉంది, సరళా. దాచుకోకుండా రాస్తున్నాను. మా కాలనీలో ఎవరు కారు కొన్నా, ఎవరు మేడ కట్టినా నాకు పట్టదు. వెళ్ళి స్వీటు తిని వస్తాను. నీ పేరు వింటే మాత్రం కడుపు మండిపోతుంది.

ఆ మంట ఎక్కడ మొదలైందో కూడా చెబుతాను. చర్ల దగ్గర ఒక బళ్ళో కంప్యూటర్లు బాగు చేయడానికి వెళ్ళి, నువ్వు అక్కడి పిల్లలకు పాఠం కూడా చెప్పావట. ర్యామ్‌కూ హార్డ్ డిస్క్‌కూ తేడా తెలియక పిల్లలు తికమకపడుతుంటే నీ చున్నీని నడుముకు ఒడిలా కట్టుకున్నావట. పత్తి తీసేటప్పుడు తీసింది తీసినట్టు ఒడిలో వేసుకుంటాం, అది చేతికి దగ్గర, అదే ర్యామ్ అన్నావట. ఒడి నిండితే గట్టు మీది బస్తాలో పోస్తాం, అది హార్డ్ డిస్క్. సేవ్ చేయడమంటే ఒళ్ళోది బస్తాలో పోయడం. కరెంటు పోయిందంటే ఒడి ముడి ఊడినట్టే, బస్తాలోది భద్రం, ఒళ్ళోది నేలపాలు. కళ్యాణి ఇదంతా నాకు చెబుతూ, తన చున్నీ కూడా నడుముకు కట్టి చూపించింది.

నేను ఇన్నేళ్ళుగా “ర్యామ్ అనగా తాత్కాలిక మెమరీ” అని చెప్పి రాసుకొమ్మంటున్నాను. రాసుకున్నారు, పరీక్ష రాశారు, మర్చిపోయారు. పెళ్ళికి ముందు నేనూ మా అమ్మతో పత్తికి పోయినదాన్నే. నడుం మీద ఒడి బరువు ఎలా ఉంటుందో నాకూ తెలుసు. మరి నాకెందుకు తట్టలేదు? ఆ రోజంతా నాకు అన్నం సయించలేదు. మర్నాడు క్లాసులో ఆ ముక్కే నా సొంతమన్నట్టు చెప్పాను. కొంగు నడుముకు చుట్టి మరీ చెప్పాను. కొత్తగా చేరిన హైమ అనే పిల్ల లేచి, “మేడం, గిది కళ్యాణక్క మొన్ననే చెప్పింది గదా” అంది. నా క్లాసులోకి కూడా నువ్వు నాకంటే ముందే వచ్చి కూర్చున్నావు.

పెరటి చెట్టు మందుకు పనికిరాదు. కంప్యూటర్ టీచర్ కడుపున పుట్టిన పిల్ల, నేను నేర్పుతానంటే ఆవలించేది. సెల్‌ఫోన్ తెర ఇన్‌పుటా అవుట్‌పుటా అని చిన్నప్పుడు ఒకసారి నన్ను అడిగింది. నా నోట్సులో ఫ్లాపీ దగ్గరే కంప్యూటర్ ఆగిపోయింది, అందులో ఈ ప్రశ్న లేదు. నువ్వు దాని వేలు తెర మీద పెట్టించి, ముట్టుకుంటే లోపలికి పోతోంది, చూస్తే బయటికి వస్తోంది, ఇది రెండూ అని తేల్చేశావట. అంతే కదా, అంత చిన్న మాట.

ఇక దసరా సంగతి విను. మా ఆయన గనిలో తను నడిపే డంపర్ లారీకి ఆయుధ పూజ చేసి వస్తారు, నేను సెంటర్‌లో సిస్టమ్‌లకు చేస్తాను. ఇది ఏటా ఉన్నదే, నువ్వు కూడా నిమ్మకాయలు కోసిచ్చినదానివే. ఈసారి నేను పసుపూ కుంకుమా కలిపి తెచ్చేసరికి కళ్యాణి నాలుగో సిస్టమ్‌ను గుమ్మంలోకి లాగి మూత తీస్తోంది. ఇన్నేళ్ళలో నేను లోపల చూడడం అదే మొదటిసారి. అడుగున నల్లగా బొగ్గు దుమ్ము, దాని మీద ఎర్రగా కుంకుమ, ఎండిపోయిన బంతి రేకులు. ఏటేటా డబ్బా జాలీ మీద నేను అద్దిన కుంకుమంతా దాని వెనకున్న ఫ్యాన్ లోపలికి లాక్కుని దాచుకుంది.

“ఇంత పూజ జేస్తే దీనికి ఊపిరెట్ల ఆడుద్దమ్మా” అంది కళ్యాణి. చుట్టూ పిల్లలు నవ్వారు. నాకు ఎక్కడ లేని ఉక్రోషం వచ్చి, పూజలు మానమని కూడా మీ సరళక్కే నేర్పిందా అని అడిగాను. లేదట. సరళక్క కూడా పూజ చేస్తుందట, బొట్టు కాగితం మీద పెట్టి ఆ కాగితం డబ్బాకు అంటిస్తుందట. దేవుడికి దణ్ణం పెట్టడం కూడా నేను నీ దగ్గరే నేర్చుకోవాలి.

దుమ్మంతా బ్లోయర్‌తో ఊదేశాక ర్యామ్‌ను తీసి నా చేతిలో పెట్టింది. చార్టులో మూరెడు పొడవున బొమ్మ ఉంటుంది, చేతిలో చూస్తే జానెడు కూడా లేదు. దాని అంచున బంగారు రంగు పళ్ళను బడిపిల్లలు వాడే రబ్బరుతో తుడిచింది. తర్వాత నా రెండు బొటనవేళ్ళు దాని రెండు కొసల మీద పెట్టించి, తన వేళ్ళు నా వేళ్ళ మీద పెట్టి నొక్కింది. టక్కున అటూ ఇటూ క్లిప్పులు పడ్డాయి. పిల్ల పెద్దదయ్యాక దాని చేతులు అలా నా చేతుల మీద పడింది ఎప్పుడో నాకు గుర్తు లేదు. “గంతేనమ్మా, నీకు గూడ వచ్చేసింది” అంది. ఆ మాట కూడా నువ్వు దానితో అన్నదే అయి ఉంటుంది. అయినా ఆ సాయంత్రం దాకా నాకు ఆ మాటే చెవిలో మోగింది.

ఆ దసరా తర్వాతే నాలుగో సిస్టమ్‌కు జబ్బు పట్టుకుంది. మూత తీయనన్నాళ్ళూ నిక్షేపంగా ఉంది, నీ శిష్యురాలు తీసింది, ఇక చూసుకో. స్విచ్ వేస్తే బీప్ బీప్ అని అరుస్తుంది, తెర మీద ఏమీ రాదు. కళ్యాణికి ఫోన్ చేస్తే ర్యామ్ వదులైందని, రబ్బరుతో తుడిచి పెట్టమని అంటుంది. నాకు చేతకాదంటాను. పాపం, భద్రాచలంలో బస్సెక్కి, కొత్తగూడెంలో మారి, శనివారం దీపాలు పెట్టే వేళకు వస్తుంది. టక్కుమనిపించి లేస్తుంది. ఆ పైన నా పక్కన కూర్చుని తింటుంది, నా ఒళ్ళో కాళ్ళు పెట్టుకుని నీ కబుర్లు చెబుతుంది. నీ కబుర్లే అయినా వింటాను. మర్నాడు వెళ్ళిపోతుంది. మళ్ళీ శనివారం వచ్చేసరికి ఆ డబ్బాది అదే రోగం.

మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అయినప్పుడు మా కిటికీ అద్దాలు కాస్త గలగలమంటాయి, ఆ అదురుకే ఊడుతోందని చెప్పాను. “అన్ని డబ్బాలు ఒక్క గదిలనే ఉన్నయ్ గదమ్మా. దీని ర్యామ్ ఒక్కటే ఎందుకు ఊడుద్ది?” అని అడిగింది. దానికి వయసైందన్నాను. నా మొహంలోకి చూసింది. నా వేలికి ప్లాస్టర్ ఉంటే, ఇదేంది అని అడిగింది. బెండకాయలు తరుగుతుంటే తెగిందన్నాను. ఆ డబ్బా వెనక కూర్చుని కాసేపు ఏదో చేసుకుని వచ్చి, అన్నం పెట్టమంది. అది పోయిన శనివారం సంగతి. ఆ మర్నాడు అది బస్సెక్కిందో లేదో, నువ్వు ఫోన్ చేశావు.

కాబట్టి నా జవాబు ఇది. కళ్యాణిని ఇవ్వను. నాలుగో సిస్టమ్‌కు దగ్గరుండి చూసుకునే మనిషి కావాలి. అది లేకపోతే నా సెంటర్ నడవదు. నువ్వు వేరే పిల్లను చూసుకో, నీ దగ్గరికి పని నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళకు కొదవా? నాకు కూతుళ్ళు వరసలో నిలబడి లేరు.

నేను ఇలా రాయబోతున్నానని మా ఆయనతో అంటే, “అమ్మ పెట్టా పెట్టదు, అడుక్క తినా తిననియ్యదు. గట్లుంది నీ ఎవ్వారం” అన్నారు. అంతటితో ఊరుకోకుండా, ఆ నాలుగోది పాత సామాన్లోడికి ఇచ్చేసి కొత్తది తెద్దామన్నారు. ఆ పూట ఆయనకు రెండోసారి కూర వెయ్యలేదు.

మీ అమ్మకు నా నమస్కారాలు చెప్పు. పత్తి తీతలు కదా, నడుం నొప్పి ఎలా ఉందో కనుక్కున్నానని చెప్పు. నువ్వు టీలో కాస్త చక్కెర వేసుకో, చూసేవాళ్ళు పాడైపోతున్నారు.

ఇట్లు,
నీకు మొదటి పాఠం చెప్పింది తనేనని ఇంకా గుర్తున్న,
శోభారాణి.

తా.క.: అంటించిన కవరు విప్పి మళ్ళీ రాస్తున్నాను.

నాలుగో సిస్టమ్‌కు ఏ జబ్బూ లేదు. దసరా తర్వాత ప్రతిసారీ దాని ర్యామ్ ఊడదీసింది నేనే. శుక్రవారం మధ్యాహ్నం పిల్లలు భోజనాలకు పోయాక, వెనక మరలు విప్పి, క్లిప్పు వదులు చేసి, మూత పెట్టేసేదాన్ని. నా వేలు బెండకాయలు తరుగుతుంటే తెగలేదు, ఆ రేకు అంచుకు తెగింది. మూత తీయడమంటే భయపడిన మనిషిని, దొంగతనంగా తీయడం బాగానే నేర్చుకున్నాను.

రేపు శనివారం కదా, ఇందాక ఉత్తరం ముగించి, స్క్రూడ్రైవర్ పట్టుకుని దాని దగ్గరికి వెళ్ళాను. వెనక పాత మరలు లేవు. వాటి చోట పెద్ద తలకాయలున్న మరలు ఉన్నాయి, స్క్రూడ్రైవర్ అక్కర్లేకుండా చేత్తో తిప్పేవి. తిప్పితే పచ్చడి సీసా మూతలా వచ్చేశాయి. మూత తీసి చూస్తే, నా వేలు తెగిన ఆ రేకు అంచు పొడుగునా మెత్తటి టేపు అంటించి ఉంది. మిగతా ఏ సిస్టమ్‌కూ ఇలాంటి మరలు లేవు, అన్నీ వంగి చూసి వచ్చాను.

దానికి తెలుసు, సరళా. ఒక్క మాట అనలేదు. నేను ఊడదీస్తున్నానని తెలిసి, ఊడదీసేటప్పుడు నా చెయ్యి కోసుకోకుండా చేసి పోయింది. ఆ డబ్బా ముందు నేల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. పిల్లలు వచ్చే వేళైందని లేచాను.

ర్యామ్‌ను ముట్టుకోలేదు. మూత పెట్టేశాను. రేపు రమ్మని దానికి ఫోన్ చెయ్యను. కళ్యాణిని నీ దగ్గరే ఉంచుకో. బోర్డు మీద దాని పేరు నీ పేరు పక్కనే, నీ పేరంత అక్షరాలతోనే రాయించు. పైన ఇవ్వనని రాసిన కాగితం చింపడం లేదు. రాసినప్పుడు అది నిజమే, ఇప్పుడూ కొంచెం నిజమే.

ఆ మరల సంగతి నేను చూశానని మాత్రం దానికి చెప్పకు. అప్పుడప్పుడూ నాలుగో సిస్టమ్ పాడవుతూనే ఉంటుంది. నేను ఫోన్ చేసిన రోజున, ఎంత పని ఉన్నా సరే, పిల్లను బస్సెక్కించు.